ఆమోదిత జాబితాలో లేని బ్యాటును ఊరి పోటీలో ఆడనివ్వాలా?

అమలాపురం వడ్రంగి:
తలుపులు, మంచాల పనితో పాటు ఏడాదిగా ప్లైవుడ్‌తో పికిల్‌బాల్ (వలకు ఇటూ అటూ నిలబడి చిన్న బ్యాట్లతో ప్లాస్టిక్ బంతిని కొట్టే ఆట) బ్యాట్లు కూడా చేస్తున్నాను. మొన్న ఒక పోటీకి నా బ్యాట్లతో వెళ్లిన పిల్లలను, అవి అమెరికాలో ఈ ఆటను నడిపే సంఘం యూఎస్ఏ పికిల్‌బాల్ పరీక్షించి ఆమోదించిన బ్యాట్ల జాబితాలో లేవన్న ఒక్క కారణంతో నిర్వాహకులు వెనక్కి పంపారు. కొలతల విషయంలో నాకు పేచీ లేదు. పొడవు 17 అంగుళాలు, పొడవూ వెడల్పూ కలిపి 24 అంగుళాలు మించకూడదు. బరువుకు గానీ మందానికి గానీ హద్దు లేదు. ఇదంతా టేపుతో తేలిపోతుంది. కానీ ఆ జాబితాలో చేరాలంటే ఒక్కో నమూనాను సముద్రాలు దాటించి, రుసుము కట్టి పరీక్ష చేయించాలి. రేపు లోపలి పలకనో పైపొరనో మారిస్తే మళ్లీ ఆ గుమ్మమే ఎక్కాలి. వేలల్లో అమ్మే కంపెనీకి ఆ ఖర్చు బ్యాటుకు కొద్ది రూపాయలుగా సర్దుకుంటుంది గానీ, నెలకు ఇరవై చేసే నాకు లాభమంతా అందులోనే పోతుంది. ఆ మాటకొస్తే, 1965లో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో ఈ ఆట పుట్టినప్పుడు, దాన్ని మొదలుపెట్టినవారిలో ఒకరైన బార్నీ మెక్‌కాలమ్ ప్లైవుడ్‌ను రంపంతో కోసి చేసిన బ్యాట్లూ చేతిపనివే కదండీ.

భీమవరం అంపైరు:
మేస్త్రీ గారూ, మీ కష్టం అర్థమైంది. అయితే టేపుకు అందని సంగతుల కోసమే ఆ జాబితా పుట్టింది. బ్యాటు ముఖం గరుకుదనం సగటున 30 మైక్రోమీటర్లు, గరిష్ఠంగా 40 దాటితే బంతి అతిగా తిరుగుతుంది. దాన్ని నా వేలితో తడిమి ఎలా చెప్పను? ముఖం లోపలికి వంగి స్ప్రింగులా బంతిని విసిరితే మరీ ప్రమాదం, ఎందుకంటే వలకు ఇటు 7 అడుగులు, అటు 7 అడుగుల దూరంలో ఆటగాళ్లు ఎదురెదురుగా నిలబడి బంతిని కొడతారు. 2024లో జూలా వంటి పెద్ద కంపెనీవే కొన్ని నమూనాలు, పరీక్షకు పంపినవీ అమ్మినవీ ఒకటి కాదని తేలి, జాబితా నుంచి తొలగిపోయాయి. అంత పెద్దవారి విషయంలోనే అలా జరిగినప్పుడు, ఎవరూ పరీక్షించని బ్యాటుకు నేను ఏ ధైర్యంతో పూచీ పడాలి?

తణుకు ఆటగాడు:
నేను ఇక్కడే ఒక దుకాణంలో ఒకే రకం బ్యాట్లు రెండు కొన్నాను. వానాకాలం గడిచేసరికి ఒకటి పొరలు విడిచింది, రెండోది రాయిలా ఉంది. మన కాలువగట్ల తేమకు ప్లైవుడ్ ఎంత నిలుస్తుందో మేస్త్రీ గారికి నేను చెప్పనక్కర్లేదు.

అమలాపురం వడ్రంగి:
తేమ మాట నిజమే. అంచులకు సీలు సరిగా పడకపోతే నావీ విడిచాయి. అంపైరు గారి వాదనలో గరుకుదనం సంగతి కూడా ఒప్పుకుంటాను. స్ప్రింగు సంగతే ఒప్పుకోలేను. తేనెపట్టు గడుల పలక మీద కార్బన్ పొర వేసి, వేడి మీద అదిమి చేసే బ్యాట్లతో వచ్చిన తంటా అది. గట్టి ప్లైవుడ్ ముఖం అలా వంగదు. పరుగెత్తే గుర్రానికి వేసిన కళ్లెం కాడి ఎద్దుకు ఎందుకు? జాతీయ స్థాయికి జాబితా ఉండనివ్వండి. ఊరి పోటీలలో మాత్రం, లోపల గడుల పలకా ఫోమూ లేని చెక్క బ్యాట్లకు టేపు కొలత, గరుకుదనం పరీక్ష చాలు. ఆ గరుకుదనం కొలిచే పరికరం ఇంజనీరింగ్ కళాశాలల మెట్రాలజీ (కొలతల) ల్యాబుల్లో సాధారణంగా ఉండేదే.

భీమవరం అంపైరు:
చెక్క బ్యాటును వేరే తరగతిగా చూడవచ్చునన్నంత వరకు మీతో ఏకీభవిస్తాను. దానికి ఒక షరతు ఉంది: మీ పేరు, నమూనా సంఖ్య బ్యాటు మీద చెరగకుండా ఉండాలి, కొలిపించిన కాగితం మీద కూడా అదే సంఖ్య ఉండాలి. ఆ రెండూ చూపిస్తే, వచ్చే పోటీకి ముందు నిర్వాహకులతో నేనే మాట్లాడతాను.

అమలాపురం వడ్రంగి:
సంఖ్య కాల్చి ముద్ర వేస్తానండి. ఆ కాగితం ఒక్క బ్యాటుకు సరిపోతుందా, లేక ఇరవైకీ విడివిడిగా కొలిపించాలా?