చికిత్స ఫలించకపోతే లోపం రోగిదేనా?

హనుమకొండ విద్యార్థి:
అమెరికన్ మనస్తత్వవేత్త మైకేల్ లాంబర్ట్ 1992లో ఇచ్చిన అంచనా ప్రకారం, మానసిక చికిత్సలో కనిపించే మెరుగుదలలో దాదాపు 40 శాతం చికిత్సకు వెలుపలి అంశాల వల్ల, 30 శాతం కౌన్సెలర్‌తో కుదిరే సంబంధం వల్ల వస్తుంది. పద్ధతి వాటా 15 శాతమే. ఫలితం ఇంతగా రోగి మీద ఆధారపడినప్పుడు, రద్దీ ఎక్కువగా ఉండే ఆసుపత్రుల్లో మారాలన్న పట్టుదల ఉన్నవారికే ముందు చోటు ఇవ్వడం న్యాయమని నా వాదన.

కాజీపేట పాఠకుడు:
ఆ 40 శాతాన్ని రోగి స్వభావంగా చదవడం దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. అప్పటికి వచ్చిన పరిశోధనలను చూసి లాంబర్ట్ వేసిన ఉజ్జాయింపు అది; పైగా అందులో మనిషి ఓర్పుతో పాటు ఇంటివాళ్ల ఆసరా, అనుకోకుండా కలిసొచ్చే పరిస్థితులు కూడా ఉన్నాయి. ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు సుమారు వంద కిలోమీటర్లు వచ్చే మనిషి ఒక రోజు కూలి వదులుకోవాలి, తోడు వచ్చినవారి కూలి కూడా పోతుంది. రెండుసార్లు రాకపోతే కేసు షీటులో 'సహకరించడం లేదు' అని రాస్తారు గానీ బస్సు ఛార్జీల సంగతి ఎవరూ రాయరు.

భూపాలపల్లి, మద్యవిముక్తి కౌన్సెలర్:
నేను సగమే ఏకీభవిస్తాను. జబ్బు తీవ్రత, అది ఎన్నేళ్లుగా ఉన్నది, దానికి తోడు తాగుడు ఉన్నదా అనేవి ఫలితాన్ని దెబ్బతీస్తాయి. ఛార్జీలు ఇచ్చినంత మాత్రాన అవి పోవు. అయితే పట్టుదలను బ్లడ్ గ్రూపులాగా మారని గుణంగా లెక్కించడం మా అనుభవానికి విరుద్ధం. మా దగ్గరికి ఇంటివాళ్లు బలవంతంగా తీసుకువచ్చేవారే ఎక్కువ. అలాంటివారితో వాదనకు దిగకుండా, తాగుడు వల్ల తమకు ఏం పోతున్నదో వారి నోటితోనే చెప్పించే పద్ధతిని మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో వివరించారు. చికిత్సలో పుట్టవలసిన పట్టుదలను ప్రవేశానికి అర్హతగా పెడితే వారిలో చాలామంది గేటు దగ్గరే ఆగిపోతారు.

హనుమకొండ విద్యార్థి:
కనీసం లక్షణాలను బట్టి తగిన పద్ధతినైనా ఎంచవచ్చు కదా?

భూపాలపల్లి కౌన్సెలర్:
అమెరికాలో తాగుడు చికిత్స మీద జరిగిన ప్రాజెక్ట్ మ్యాచ్ అనే పెద్ద అధ్యయనం సరిగ్గా అదే ప్రయత్నించింది. 1,726 మందికి మూడు పద్ధతుల్లో ఏదో ఒక దానితో చికిత్స చేయగా, 1997లో వెలువడిన ఫలితాల్లో మూడు వర్గాలూ దాదాపు సమానంగానే మెరుగుపడ్డాయి. ఫలానా వారికి ఫలానా పద్ధతి అని ముందుగా ఊహించినవాటిలో చాలావరకు నిలవలేదు.

కరీంనగర్ పాఠకురాలు:
రోగి తన బాధకు చెప్పుకునే కారణాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. బాణామతి అని నమ్మే కుటుంబంతో మొదటి రోజే ఆ నమ్మకాన్ని ఖండిస్తే వారు మళ్లీ రారు. మాట పూర్తిగా విని, మొక్కు తీర్చుకోవడాన్ని అడ్డుకోకుండా మందులు ఆపవద్దంటే వచ్చే అవకాశం ఉంటుంది. రోగి మానేశాడని రాసే షీటులోనే, చివరిసారి అతనికి మనం ఏం చెప్పి పంపామో కూడా రాయాలి.

హనుమకొండ విద్యార్థి:
ఇవన్నీ ఒప్పుకున్నా, ఒకే కౌన్సెలర్ ముందు బారులు తీరినవారిలో ఎవరిని ముందు పిలవాలన్న ప్రశ్న మిగిలే ఉంది.

కాజీపేట పాఠకుడు:
జబ్బు తీవ్రతను బట్టి పిలవాలి. దూరం నుంచి వచ్చేవారికి, రెండు రాకల మధ్య మాట్లాడుకునేందుకు 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416ను చీటీ మీద రాసి ఇవ్వవచ్చు.