వేరేవాళ్లకు పంపిన విరాళాలు కూడా 990-ఎన్ (చిన్న సంస్థలు వేసే క్లుప్త రిటర్ను) లెక్కలోకి వస్తాయా?

అమెరికాలో ఒక రీజియన్‌లోని 14 కాలేజీల వియత్నామీస్ విద్యార్థి సంఘాల కూటమికి లెక్కలు చూస్తున్నాను. 501(సి)(3) సంస్థ, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ. ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది, ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ)కు రిటర్ను గడువు నవంబర్ 15.

మూడేళ్ల వసూళ్లు వరుసగా 44,000, 52,600, 63,100 డాలర్లు. సగటు 50,000 దాటింది కాబట్టి 990-ఎన్ కుదరదు, అంతకంటే వివరమైన 990-ఈజెడ్ వేయాలి. టెట్ (వియత్నామీస్ కొత్త సంవత్సరం) పండుగ టికెట్లు, క్యాంపు ఫీజులు మావే, పేచీ లేదు. కానీ ఈ మూడేళ్ల మొత్తంలో 23,600 మాది కాదు. యూఎన్‌ఏవీఎస్‌ఏ (ఉత్తర అమెరికా వియత్నామీస్ విద్యార్థి సంఘాల సమాఖ్య) ఏటా ఎంచుకునే సేవా ప్రాజెక్టు కోసం కాలేజీలు పోగుచేసింది, మా ఖాతా మీదుగా వెళ్లిపోయింది. అది తీసేస్తే సగటు 45,000 చిల్లర.

ఏజెంటుగా వసూలు చేసి పంపేసిన సొమ్ము కలపక్కర్లేదని ఫారం 990 సూచనల్లో ఉంది గానీ అక్కడి ఉదాహరణ ఇన్సూరెన్స్ ప్రీమియంలది. చిక్కల్లా రసీదుల దగ్గరే: చెక్కులు కూటమి పేరిట వచ్చాయి, రసీదులూ మా ఈఐఎన్ (సంస్థ పన్ను గుర్తింపు సంఖ్య)తోనే ఇచ్చారు. ఈ ఏడాది విడి ఖాతా తెరిచాం, పాతవి కలిసిపోయే ఉన్నాయి. ఇద్దరు సీపీఏలను (ఇక్కడి చార్టర్డ్ అకౌంటెంట్ల లాంటివాళ్లు) అడిగితే చెరో మాట చెప్పారు.

అమెరికాలోని తెలుగు సంఘాల్లో కోశాధికారులుగా చేసినవాళ్లు చెప్పండి: రసీదు మన పేరిట ఇచ్చాక కూడా ఆ సొమ్మును వసూళ్లలోంచి మినహాయించవచ్చా?