అన్నయ్య మీద దావా నడుస్తుండగా పరలోక ప్రార్థన ఎలా చెప్పను?

ప్రశ్న (తెనాలి వైపు సహోదరి)

అందరికీ వందనాలు. మా నాన్నగారు పోయాక అరవై సెంట్ల పొలం మిగిలింది. "పాసుపుస్తకం మార్పించాలి, ఇక్కడ సంతకం పెట్టమ్మా" అని పెద్దన్నయ్య నాచేత కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. వాటితోనే పొలమంతా అమ్మేశాడు. నా వాటా అడిగితే "నీ పెళ్లిఖర్చు ఎవరు పెట్టారు?" అన్నాడు. ఇప్పుడు దావా నడుస్తోంది.

అన్నయ్య మా సంఘంలో పెద్ద. ఆదివారం కానుకల సంచి పట్టుకుని వరుస వెంట వచ్చేది ఆయనే. సంచి నా ముందు ఆగినప్పుడు ఆయన నా వైపు చూడడు, నేనూ తలెత్తను. తర్వాత అందరం లేచి పరలోక ప్రార్థన చెబుతాం. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గరికి వచ్చేసరికి నాకు గొంతు పెగలదు. అందరూ ఆ మాట దాటాక మళ్లీ కలుస్తాను. క్షమించకుండా ప్రార్థిస్తే దేవుడు వింటాడా? క్షమించడమంటే దావా వెనక్కి తీసుకోవడమేనా? వచ్చే ఆదివారం సంస్కారం (ప్రభువు బల్ల, రొట్టె ద్రాక్షారసం తీసుకోవడం) ఉంది.

జవాబు (ఒంగోలు సహోదరుడు)

1 కొరింథీ 6:7 చదవండి సహోదరీ. విశ్వాసులు ఒకరి మీద ఒకరు వ్యాజ్యమాడడం కంటే నష్టం సహించడమే మేలని పౌలు రాశాడు. దావా వదులుకోండి, సమాధానం దొరుకుతుంది.

జవాబు (నెల్లూరు, సండేస్కూలు టీచరు)

అమ్మా, పై సోదరుడు 7వ వచనం దగ్గర ఆగిపోయారు. 5వ వచనంలో పౌలు, సహోదరుల తగవు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడూ లేడా అని సంఘాన్నే నిలదీశాడు. 8వ వచనంలో, సొంత సహోదరులకే అన్యాయం చేస్తున్నారని గద్దించాడు. నష్టపోయిన చెల్లెలికి 7వ వచనం వినిపించి, అన్నకు 8వ వచనం వినిపించకపోవడం నాకు సహించదు.

మత్తయి 18లోని ఉపమానం చూడండి. రాజు పెద్ద అప్పు కొట్టివేసిన దాసుడు, తనకు బాకీపడ్డ తోటి దాసుణ్ని మాత్రం క్షమించలేదు. ఆ తోటి దాసుడు బాకీపడింది 100 దేనారాలు. రోజుకూలి ఒక దేనారం, అంటే 100 రోజుల కష్టం. ప్రభువు దాన్ని చిల్లర బాకీగా చూపలేదు. మీ నష్టం చిన్నదని మీరూ అనుకోనక్కరలేదు. రాజు కొట్టివేసిన 10,000 తలాంతులను మాత్రం దాని పక్కన పెట్టాడు. ఒక్క తలాంతే 6,000 దేనారాలు! మోకరించినప్పుడు నేను ముందుగా తలచుకునేది ఆ లెక్కనే.

మార్కు 11:25లో ప్రభువు, ఎవరి మీదనైనా విరోధముంటే నిలబడి ప్రార్థిస్తున్నప్పుడే క్షమించమన్నాడు. కోపమంతా చల్లారాకే ప్రార్థనకు రమ్మనలేదు. మత్తయి 5:23 సంగతి వేరు. అక్కడ మన మీద సహోదరుడికి ఫిర్యాదు ఉంది, అందుకే కానుక బలిపీఠం ముందు విడిచి వెళ్లి సమాధానపడాలి. మీ సంఘంలో ఆ వచనం చెందేది సంచి పట్టుకున్న ఆయనకు.

ఇక దావా. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఇద్దరు చిన్న కొడుకులను వాహనంలో నిద్రిస్తుండగా సజీవ దహనం చేశారు. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని చెప్పి, బారిపదాలో కుష్ఠురోగుల సేవ కొనసాగించారు. కేసు మాత్రం సుప్రీంకోర్టు వరకు నడిచి, 2011లో ప్రధాన దోషికి యావజ్జీవ శిక్ష ఖాయమైంది. క్షమాపణనూ నేరం పర్యవసానాన్నీ కలపకూడదని ఆవిడే అన్నారు. మీరు పగ వదలాలి. మోసపు కాగితాన్ని నిజమని ఒప్పుకోమని ఏ వాక్యమూ చెప్పదు.

సంస్కారానికి దూరంగా ఉండకండి. మనల్ని మనం పరీక్షించుకుని తీసుకోమన్నాడు పౌలు. ఈ రాత్రి అన్నయ్య పేరెత్తి, ఆయన పిల్లల చదువు కోసం, ఆయన ఆరోగ్యం కోసం ప్రార్థించండి. పొలం ఊసు అందులోకి తేవద్దు. తెల్లారేసరికి కోపం తిరిగి రావచ్చు. మళ్లీ పేరెత్తండి. ఎన్నిసార్లు క్షమించాలంటే డెబ్బది ఏళ్ల మారులు (డెబ్బై ఏడుల సార్లు) అని ప్రభువు చెప్పిన మాట ఒకే గాయానికి కూడా చెందుతుందని నా గట్టి నమ్మకం.

జవాబు (విజయవాడ, న్యాయవాది)

క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకపోతే కూతురికీ కొడుకుతో సమాన వాటా ఉంది. మత్తయి 18:15, 16లో ఉన్నట్టు ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరు సాక్షులతో మాట్లాడి చూడండి. మెత్తబడితే లోక్ అదాలత్‌కు వెళ్లండి. అక్కడి రాజీ కోర్టు డిక్రీతో సమానం, కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది.

ప్రశ్న అడిగిన సహోదరి

టీచరుగారూ, మా మేనకోడలు డిగ్రీ పరీక్షలు రాస్తోంది. రాత్రి ఆ పిల్ల పేరుతో మొదలుపెట్టాను. అన్నయ్య పేరు రావడానికి చాలాసేపు పట్టింది, కానీ వచ్చింది. దావా ఉంచుతాను, లోక్ అదాలత్ సంగతి మా లాయరుగారిని అడుగుతాను. ఆదివారం ఆయనను నేనే పలకరించాలా?

నెల్లూరు టీచరు

సంచి దగ్గర వద్దమ్మా, అందరి ముందు ఇద్దరికీ ఇబ్బందే. ఆరాధన అయ్యాక ముందు మీ వదినగారిని పలకరించి, పాప పరీక్షల గురించి అడగండి. వాయిదా ఎప్పుడో చెబితే ఆ రోజు మా స్త్రీల సమాజంలో మీ అన్నాచెల్లెళ్లిద్దరి కోసం ప్రార్థిస్తాం.