డీడీజీఎస్ పాడి ఆవులకు పెట్టొచ్చా?

పలమనేరు రైతు:
అన్నలకు, అక్కలకు నమస్తే. నాకు జెర్సీ క్రాస్ ఆవులు నాలుగున్నాయి, చెనిక్కాయ చెక్క ధర మోయలేకుండా ఉంది. దాణా అంగడాయన ఇథనాల్ ఫ్యాక్టరీ నుంచి వచ్చే బియ్యం డీడీజీఎస్ (సారా తీశాక మిగిలిన పిప్పిని ఎండబెట్టింది) తీసుకోమంటున్నాడు, చెక్క కంటే బాగా చౌక. పక్కింటాయనేమో అది సారాయి మడ్డి, ఆవులకు మత్తెక్కుతుంది, చూడి ఆవు ఈసుకుపోతుంది అంటున్నాడు. నాకొకటి ఏడు నెలల చూడిది, అదే టెన్షన్. కానుగ చెక్క కూడా దొరుకుతోంది, అదీ పెట్టొచ్చా?

చంద్రగిరి పాడి:
రెండేళ్లుగా పెడుతున్నా. మత్తేమీ ఉండదన్నా, సారాను ఆవిరిగా లాగేశాక మిగిలిన పిప్పినే ఎండబెడతారు. మొదట్లో నేను తొందరపడి చెక్క మొత్తం మానేసి ఒక్కసారే ఇది పెట్టా, రెండు రోజులు మేత సరిగ్గా ముట్టలేదు, పేడ పల్చబడింది. ఇప్పుడు పూటకు గుప్పెడుతో మొదలుపెట్టి పదిహేను రోజుల్లో పెంచుతా. ఐదు కిలోల దాణాకు ఒక కిలో, అంతకు మించి పోను.

పశువైద్యురాలు, తిరుపతి:
కిలో లెక్క సరైనదే. గింజలోని పిండి పదార్థం సారాగా మారిపోతుంది కాబట్టి మిగతావన్నీ దాదాపు మూడింతలు చిక్కబడతాయి. మొక్కజొన్నలో 9 శాతం ఉండే ప్రోటీన్ డీడీజీఎస్‌లో 27-30 దాకా వస్తుంది, బియ్యం రకంలో 40 దాటుతుంది. గింజకు బూజు పట్టి ఉంటే ఆ బూజు విషం, అఫ్లాటాక్సిన్ అంటారు, అది కూడా అలాగే మూడింతలవుతుంది. నా భయమంతా అక్కడే. అది పాలలోకి దిగుతుంది, కాచినా పోదు, ఆ పాలు తాగేది పిల్లలు. పాలలో కిలోకు 0.5 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశంలో నియమం ఉంది. చెనిక్కాయ చెక్కకూ ఇదే బాధ ఉంది, కాబట్టి ఏది కొన్నా చూసి కొనండి. గడ్డకట్టినది, ముక్క వాసన వేసేది, నల్లగా మాడినది వద్దు. కంటికి బాగున్నా విషం ఉండొచ్చు, అందుకే నలుగురు కలిసి కొని ఒక శాంపిల్ ల్యాబ్‌కు పంపండి, యూరియా కలిపారేమో కూడా చూడమనండి.

బూజు లేనిదైతే చూడి ఆవుకూ కొద్దిగా పెట్టొచ్చు. ఇందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ, పాలిచ్చే ఆవులకు మినరల్ మిక్చర్ మానొద్దు. కానుగ చెక్క చేదు, అందులో విష పదార్థాలుంటాయి. జట్రోఫా, ఆముదం చెక్కలైతే ప్రాణాలకే ముప్పు. అవి పొలానికి ఎరువుగా వేసుకోండి.

పలమనేరు రైతు:
థ్యాంక్స్ అక్కా. ఇప్పుడే అంగడికి పోయి చూశా, మూటలు చెమ్మ గోడకు ఆనించి ఉన్నాయి, అడుగు మూట రాయిలా గట్టిపడింది. అది తీసుకోను. సోమవారం కొత్త లోడు వస్తుందంట, పాల సెంటర్ దగ్గర ఇంకో ముగ్గురితో మాట్లాడి శాంపిల్ తీయిస్తా.