అప్‌డేట్: పిన్ని పెనం పిజ్జా కుదిరింది (దాదాపు)

పోయిన వారం అడిగాను కదా, ఓవెన్ లేకుండా మా పిన్ని ఆదివారం పొద్దున్నే పెనం మీద చేసిపెట్టే గుడ్డు పిజ్జా నాకెందుకు రావట్లేదని? అడుగు మాడిపోయేది, పైన గుడ్డు మాత్రం పచ్చిగా జారుతుండేది.

తప్పు దొరికింది. పచ్చి రొట్టె మీదే అన్నీ వేసేస్తున్నాను. ఈసారి 2 కప్పుల మైదాలో ఈస్టు, ఉప్పు, గోరువెచ్చటి నీళ్లు కలిపి రాత్రే ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున్న ఇనప పెనం మీద ఒకవైపు కాల్చి తిరగేసి, కాలిన వైపు టమాటా ముద్ద పల్చగా రాశాను. గుడ్లు విడిగా, సగం ఉడికేదాకా పొరటు చేసి వేశాను. తెల్లసొన గట్టిపడాలంటే 60 డిగ్రీలు దాటాలి, మూతపెట్టినా పైకి ఆ వేడి చేరేలోపే అడుగు మాడేది మరి. పైన మోజరెల్లా, సన్న మంట, ఐదు నిమిషాలు. అంతే.

ఆ మోజరెల్లా కోసం గంటస్తంభం వైపు మూడు షాపులు తిరిగాను. తీరా పిన్నికి ఫోన్ చేస్తే, "మోజరెల్లా నేనెప్పుడు వేశాన్రా? అప్పట్లో మన విజయనగరంలో అదెక్కడిది? అమూల్ డబ్బా చీజు తురిమేదాన్ని" అంది!

ఏదో ఉప్పదనం తగ్గిందని తింటున్నప్పుడే అనిపించింది. వచ్చే ఆదివారం డబ్బా చీజుతో.