నియోబియం లోటు కనిపిస్తే సబ్‌డక్షన్ జరిగినట్టేనా?

శిలాపథికుడు:
పురాతన అగ్నిశిలల్లో నియోబియం, టాంటలం అనే మూలకాలు తక్కువగానూ, బేరియం, రుబీడియం, సీసం ఎక్కువగానూ ఉంటే, అక్కడ ఒకప్పుడు సముద్ర ఫలకం మరో ఫలకం కిందికి దిగిందని, అంటే సబ్‌డక్షన్ జరిగిందని చెప్పడానికి అది చాలునని నా వాదన. దిగిన ఫలకం విడిచే నీరు బేరియం వంటి వాటిని పైనున్న మాంటిల్‌లోకి (భూపటలం కింది శిలాపొరలోకి) మోసుకుపోతుంది. నియోబియం మాత్రం రూటైల్ వంటి ఖనిజాల్లోనే నిలిచిపోతుంది. నేటి ఆండీస్, జపాన్ అగ్నిపర్వతాల శిలల్లో కనిపించేది ఇదే కదా.

భూగర్భ విద్యార్థి:
ప్రక్రియ గురించి మీరు చెప్పినది సరైనదే. అయితే ఆ రసాయన ముద్ర ఉన్నంత మాత్రాన, శిల పుట్టిన కాలంలోనే సబ్‌డక్షన్ నడుస్తున్నదని అనలేము. దక్షిణ టిబెట్‌లో నియో-టెథిస్ సముద్రపు అడుగు ఆసియా కిందికి దిగుతున్న కాలంలో గాంగ్డీసే గ్రానైట్లు ఏర్పడ్డాయి. సుమారు 5 కోట్ల ఏళ్ల క్రితం భారత ఖండం ఢీకొనడంతో ఆ సముద్రం మూసుకుపోయింది. ఆ తరువాత ఎంతో కాలానికి, 2.6 కోట్ల నుంచి 1 కోటి ఏళ్ల క్రితం మధ్య అక్కడే చొరబడిన శిలల్లోనూ నియోబియం లోటు ఉంది, ఎందుకంటే వాటికి మూలం పాత భూపటలమూ, ఫలకం విడిచిన నీటితో ఏనాడో మార్పు చెందిన మాంటిలూ. వయసు కట్టకుండా రసాయన విశ్లేషణ ఒక్కటే చూసినవారు వాటిని సముద్రమున్న కాలానికే చేర్చే ప్రమాదముంది. పైగా ఖండ పటలంలోనే నియోబియం తక్కువ కాబట్టి, దాన్ని కరిగించుకుంటూ పైకి వచ్చిన బసాల్టుకూ అదే ముద్ర అంటుకుంటుంది.

శిలాపథికుడు:
టిబెట్ ఉదాహరణ బలమైనది. లోటు ఒక్కటే చాలునన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. కానీ జిర్కాన్‌ను మరచిపోకూడదు. శిలలో ఉండే ఈ చిన్న ఖనిజ రేణువులోని యురేనియం తెలిసిన వేగంతో సీసంగా మారుతుంది కనుక దానితో శిల వయసు కట్టవచ్చు. యురేనియం-238 అర్ధాయువు (సగం మారడానికి పట్టే కాలం) 446.8 కోట్ల ఏళ్లు, యురేనియం-235 అర్ధాయువు 70.4 కోట్ల ఏళ్లు. ఈ రెండు గడియారాలు ఒకే వయసు చూపితే ఆ తేదీని నమ్మవచ్చు. అదే రేణువులోని హాఫ్నియం ఐసోటోపులు (ఆ మూలకపు వేర్వేరు బరువుల పరమాణువులు), శిలాద్రవం అప్పుడే మాంటిల్ నుంచి వచ్చిందా, పాత పటలం తిరిగి కరిగిందా అన్నది సూచిస్తాయి.

భూగర్భ విద్యార్థి:
ఆ జోడింపును నేనూ ఒప్పుకుంటాను, పాత శిల నుంచి సంక్రమించిన జిర్కాన్ గర్భాన్ని వదిలి అంచునే కొలిచినంతవరకు. అయినా 300 కోట్ల ఏళ్ల నాటి శిలల విషయంలో నా సందేహం తీరదు: చల్లని ఫలకం లోతుకు దిగినప్పుడు ఏర్పడే బ్లూషిస్టులనే శిలలు సుమారు 80 కోట్ల ఏళ్లకు మునుపు దాదాపు కనిపించవు.

శిలాపథికుడు:
నాటి మాంటిల్ నేటికన్నా వేడిగా ఉండేది కనుక, ఫలకం దిగినా బ్లూషిస్టు ఏర్పడేంత చల్లదనం ఉండకపోవచ్చు. అందుకే నేను ఒక్కొక్క శిలను కాక, వందల కిలోమీటర్ల పొడవున్న పట్టీలో వయసులు వరుసగా ఒక దిశకు జరుగుతున్నాయా అన్నదాన్ని చూడాలంటాను.