రెప్లికేటర్ టీ చేస్తుంది సరే, మనిషిని ఎందుకు చేయదు?

నిద్రపట్టనోడు:
స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్ ఈమధ్యే మొదలుపెట్టా, 1987 నాటి సీరియల్ అని తెలుసు, లేటయింది తిట్టకండి. అందులో అంతరిక్ష ఓడ కెప్టెన్ పికార్డ్ గోడలో ఉన్న రెప్లికేటర్ అనే మెషిన్ ముందు నిలబడి ఎర్ల్ గ్రే టీ, వేడిగా కావాలంటాడు, కప్పుతో సహా పొగలు కక్కుతూ వచ్చేస్తుంది. నా డౌట్ ఏంటంటే టీని, కప్పుని గాల్లోంచి తీసిన మెషిన్‌కి మనిషైతే ఏంటి కష్టం? ఓడలో డాక్టర్ పోతే ఇంకో డాక్టర్ని దించేసుకోవచ్చుగా. చికెన్ వస్తోంది, కోడి ఎందుకు రాదు???

పాతట్రెక్కీ:
దానికి సీరియల్ తీసినోళ్ళే ఒక రూల్ పెట్టుకున్నారు బ్రో. రెప్లికేటర్ అణువుల లెవెల్ వరకే చూసి కాపీ తీస్తుంది, మనుషుల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపే ట్రాన్స్‌పోర్టర్ మాత్రం క్వాంటమ్ లెవెల్ దాకా, అంటే ఇంకా చిన్న కణాల స్థితి దాకా వెళ్తుంది. అంటే మొదటిది జెరాక్స్ లాంటిది, అక్కడక్కడా చుక్క పోతుంది. కూరలో పోతే రుచి కాస్త తేడా కొడుతుంది అంతే (పికార్డ్ వాళ్ళన్న అయితే ఆ మెషిన్ని ఇంట్లోకే రానివ్వడు, తోటలో ద్రాక్ష ఇంట్లో వంట అంటాడు), అదే మెదడులో పోతే శవమే వస్తుంది. 1992లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో ఓడ భద్రతా అధికారి వోర్ఫ్‌కి వెన్నెముక కొత్తది తయారుచేసి పెడతారు కానీ అది కూడా ప్రాణం మీదికి వస్తుంది.

లాజిక్_లక్ష్మి:
ఆ రూల్ కథ కోసం పెట్టుకున్నది అంతే అండి, లేకపోతే ఎవరు చచ్చినా బటన్ నొక్కితే వస్తారు ఇంక టెన్షన్ ఏముంటుంది. పైగా రూల్ వాళ్ళే తప్పారు. 1993లో సెకండ్ ఛాన్సెస్ అని ఒక ఎపిసోడ్, పికార్డ్ తర్వాతి అధికారి రైకర్ని ఒక గ్రహం మీద నుంచి ట్రాన్స్‌పోర్టర్ బీమ్‌తో పైకి లాగేటప్పుడు సిగ్నల్ సరిగ్గా దొరకట్లేదని రెండో బీమ్ కూడా వేస్తారు, ఒకడు ఓడెక్కేస్తాడు, ఆ రెండో బీమ్ వెనక్కి తగిలి కింద ఇంకో రైకర్ మిగిలిపోతాడు. ఎనిమిదేళ్ళు ఒంటరిగా. ఇద్దరికీ అప్పటిదాకా ఉన్న జ్ఞాపకాలు ఒకటే, ప్రేమించిన అమ్మాయి ఒకటే, ఆమె వైపు ఒకడు ఎనిమిదేళ్ళ నుంచి అలాగే చూస్తున్నాడు ఇంకొకడు ప్రమోషన్ కోసం ఎప్పుడో వదిలేశాడు. మరి కుదరదంటారేంటి?

ఫిజిక్స్‌మాస్టారు:
లెక్క చూద్దాం. శక్తి నుంచి నేరుగా పదార్థం చేయాలంటే ఈ ఈక్వల్స్ ఎంసీ స్క్వేర్, పావుకిలో టీకే 625 కోట్ల యూనిట్ల కరెంటు కావాలి. 70 కిలోల మనిషికి 1,75,000 కోట్ల యూనిట్లు, ఇంచుమించు మన దేశమంతా ఏడాదిలో తయారుచేసే కరెంటు. అందుకే ఆ ఓడలో కూడా ముడిసరుకు ట్యాంకుల్లో పెట్టుకుని దాన్నే మార్చుకుంటారని సీరియల్ టెక్నికల్ మాన్యువల్‌లో రాశారు, తెలివైన పనే.

ఇంక క్వాంటమ్ సంగతి. తెలియని క్వాంటమ్ స్థితికి అచ్చంగా రెండో కాపీ తీయడం కుదరదని 1982లోనే నిరూపించారు. 1997లో ఇన్స్‌బ్రుక్‌లో జైలింగర్ టీమ్ ఫోటాన్ (కాంతి కణం) స్థితిని టెలిపోర్ట్ చేసింది నిజమే, కానీ అక్కడ పుట్టాలంటే ఇక్కడ పోవాలి. కాబట్టి ట్రాన్స్‌పోర్టర్ ఓకే, ఇద్దరు రైకర్లు నాట్ ఓకే.

కానీ మనిషికి అంత లోతు కాపీ అవసరమా అన్నదే నా డౌట్. ఐవీఎఫ్‌లో పిండాన్ని మైనస్ 196 డిగ్రీల దగ్గర గడ్డకట్టిస్తారు, లోపల ఏ కదలికా ఉండదు, ఏళ్ళ తర్వాత కరిగిస్తే బిడ్డ పుడుతుంది. మా అక్క కూతురు అలా పుట్టిందే, ఇప్పుడు నా ఫోన్ పగలగొడుతోంది. అంటే అమరిక చెడకుండా ఉంటే చాలు, ప్రాణం మళ్ళీ నడుస్తుంది. సో పాతట్రెక్కీ గారూ, అణువుల లెవెల్ కాపీ అయితే శవమే వస్తుందని నేను ఒప్పుకోను. మెదడులోని 8,600 కోట్ల న్యూరాన్లు (నాడీకణాలు), వాటి మధ్య కనెక్షన్లు తప్పు లేకుండా పేర్చాలి, అది ఇప్పట్లో ఎవరివల్లా కాదు, కానీ కష్టం వేరు అసాధ్యం వేరు.

పాతట్రెక్కీ:
పిండంలో కొన్ని కణాలే కదా సార్, మనిషిని అలా గడ్డకట్టించి లేపినోడు ఎవడూ లేడు

ఫిజిక్స్‌మాస్టారు:
అది కరెక్టే, ఆ పాయింట్ మీకిస్తున్నా

పోతన_ఫ్యాన్:
ఈ ఎపిసోడ్ మనకి భాగవతంలోనే ఉందిగా. బ్రహ్మ లేగదూడల్ని, గోపబాలుర్ని మాయం చేస్తే కృష్ణుడే అన్ని దూడలుగా, అంతమంది పిల్లలుగా మారి ఏడాదిపాటు ఆ ఇళ్ళలో తిరిగాడు. ఏ తల్లీ గుర్తుపట్టలేదు సరికదా మునుపటికంటే ముద్దు ఎక్కువ చేశారు. బ్రహ్మ తిరిగొచ్చి ఇక్కడ ఒక సెట్టు అక్కడ ఒక సెట్టు చూసి ఏది అసలో తేల్చుకోలేక తల పట్టుకున్నాడు. నాలుగు తలలున్నా. నాకు ఎప్పుడూ అనిపించేది ఏంటంటే ఆ ఏడాది తల్లి వడ్డించిన అన్నం, చెప్పిన కబుర్లు అసలు పిల్లాడికి ఏమీ గుర్తుండవు, వాడికి ఆ ఏడాది క్షణంలా గడిచింది. మీ గ్రహం మీద రైకర్‌కి రివర్స్, వీడికి ఎనిమిదేళ్ళూ గుర్తే.

లాజిక్_లక్ష్మి:
అబ్బ ఇది నాకు తట్టలేదు. చివర్లో ఓడలో ఉన్న రైకర్ తన ట్రాంబోన్ (ఊదే వాయిద్యం) ఆ గ్రహం మీద రైకర్‌కి ఇచ్చేస్తాడు, అది గుర్తొచ్చింది

నిద్రపట్టనోడు:
అందరికీ థాంక్స్ కానీ నేనింకా రెండో సీజన్లోనే ఉన్నా, ఇద్దరు రైకర్లు ట్రాంబోన్ అన్నీ చెప్పేశారు కదండీ 😭